డబ్బు పంచినవాళ్లూ ఓడిపోతున్నారు కదా, మరి ఎన్నికను తేల్చేది ఏమిటి?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. నేను రిటైరైన ఉపాధ్యాయుడిని. సర్వీసులో ఏడుసార్లు పోలింగ్ డ్యూటీ చేశాను. ముందురోజు రాత్రి సామగ్రితో స్కూల్లోనే పడుకునేవాళ్లం. ఆ రాత్రి వీధిలో ఎవరు ఎవరి గడప తొక్కుతున్నారో కిటికీలోంచి కనిపిస్తూనే ఉండేది. తెల్లారితే ఆ గడపల్లోంచే జనం వచ్చి వరసలో నిలబడేవాళ్లు. ఫలితాలు వచ్చాక బూత్‌ల వారీ లెక్క తీసి చూస్తే, ఎక్కువ పంచారని ఊరంతా చెప్పుకున్న పార్టీకి తక్కువ ఓట్లు వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

నంద్యాల సంగతి గుర్తుందా? 2017 ఆగస్టు ఉప ఎన్నికలో రెండు వైపులా డబ్బు ఏరులై పారిందని అందరూ అన్నారు. అధికార పార్టీ తరఫున భూమా బ్రహ్మానందరెడ్డి 27 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఇరవై నెలలు తిరక్కుండానే, 2019 ఏప్రిల్‌లో అదే ఊరు, అదే అభ్యర్థి, అదే పార్టీ. ఓడిపోయారు. ఆ ఇరవై నెలల్లో ఓటరు మారాడా, డబ్బు తగ్గిందా, లేక డబ్బుకు మనం అనుకున్నంత బలం లేదా?

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. పార్టీల మీద తిట్లు మాత్రం వద్దు, దయచేసి.

జమ్మికుంట వాసి

సార్, మాది హుజూరాబాద్ నియోజకవర్గమే. 2021లో మా దగ్గర జరిగినంత హడావిడి నేను మళ్లీ చూడలే. ఐదు నెలల పాటు మంత్రులు ఇక్కడే మకాం పెట్టిన్రు. దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇచ్చే పథకాన్ని ఆగస్టు 16న మా నియోజకవర్గంలోని శాలపల్లిలోనే మొదలుపెట్టిన్రు. మంజూరు కాని రోడ్లు మంజూరైనయి. పోలింగ్‌కు ముందు కవర్ల పంపకం గురించి దాచిపెట్టే పని కూడా లేకుండె. కవర్ రాలేదని ఆడవాళ్లు రోడ్డు మీదికొచ్చి అడిగిన దృశ్యాలు టీవీల్లో అందరూ చూసిన్రు.

ఇంత జరిగినా, అధికార టీఆర్‌ఎస్‌ను వదిలి బీజేపీ తరఫున నిలబడ్డ ఈటల రాజేందర్ 23,855 ఓట్లతో గెలిచిండు. అప్పటికి ఆయన 2004 నుంచి ఎమ్మెల్యే. మంత్రి పదవి నుంచి తీసేసిన తీరు చూసి, ‘మా మనిషిని అవమానించిన్రు’ అన్న మాట ఇంటింటా తిరిగింది. మా మేనత్తది ఒక్కటే మాట: “పైసలు వాళ్లయి, పట్టింపు మాది.”

కానీ రెండేండ్లకు, 2023లో అదే ఈటల ఇక్కడ ఓడిపోయిండు. కాబట్టి సానుభూతి కూడా ఎల్లకాలం నిలువదు.

సూటిగా

జమ్మికుంట అన్నా, అక్కడ రెండో పక్షం ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదని చెప్పగలరా? రెండు పార్టీలూ ఇస్తే ఒకరి డబ్బు ఇంకొకరి డబ్బును కొట్టేస్తుంది. మిగిలిన కారణాల మీద ఫలితం తేలుతుంది. దాన్ని చూపించి డబ్బు పనిచేయలేదంటే ఎలా? ఒకే పార్టీ ఇచ్చి, రెండోది అసలు ఇవ్వని ఎన్నిక ఒక్కటి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

పాత బూత్ ఏజెంట్

‘సూటిగా’ గారు అడిగింది అసలు ప్రశ్న. నేను గుంటూరు జిల్లాలో మూడు ఎన్నికలకు బూత్ ఏజెంట్‌గా చేశాను. ఏ పార్టీకి చేశానో చెప్పను, పద్ధతి అన్నిచోట్లా ఒకటే.

పంపకానికి నెల ముందే ఓటర్ల జాబితా మా చేతికి వస్తుంది. నలభై యాభై ఇళ్లకు ఒక మనిషి. ప్రతి పేరు పక్కన ఒక గుర్తు పెట్టాలి: మనవాళ్లు, ఎదుటివాళ్లు, ఊగుతున్నవాళ్లు. బయటివాళ్లు అనుకునేది ఏమిటంటే, డబ్బంతా ఊగుతున్నవాళ్లను కొనడానికి పోతుందని. కాదు. ఎక్కువ భాగం మనవాళ్లకే పోతుంది. ఎదుటివాళ్ల ఇంటికి అసలు వెళ్లం. వాళ్లకు ఇస్తే డబ్బు దండగ, పైగా ఫోన్‌లో వీడియో తీస్తారన్న భయం.

మనవాళ్లకు ఎందుకు ఇవ్వాలి అంటారా? ఇవ్వకపోతే పోలింగ్ రోజు కదలరు. “పక్క వీధిలో ఇచ్చారు, మా వీధికి రాలేదు, మేం పనికిరాని వాళ్లమా?” అంటారు. అక్కడ రెండు వేల కోసం కోపం కాదు, తమను లెక్కలోకి తీసుకోలేదన్న బాధ. ఒక పెద్దావిడ నా చేతిలో కవర్ తీసుకుని కళ్లకద్దుకుని, “నాలుగేళ్లయింది బాబూ ఈ గడపలోకి ఎవరైనా వచ్చి” అంది. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. ఆవిడకు పింఛను రావడం లేదు. ఆ పని ఎవరూ చేసిపెట్టలేదు, నాతో సహా.

రెండోది, పంచలేని అభ్యర్థిని జనం బలహీనుడిగా చూస్తారు. ‘ఇప్పుడే ఇవ్వలేనివాడు రేపు ఎస్సై దగ్గర, ఎమ్మార్వో దగ్గర మన పని ఏం చేయిస్తాడు’ అనుకుంటారు. అంటే డబ్బుతో ఓటు కొంటున్నారు అనేది సగం నిజం. తాను గట్టివాడినని చూపించుకోవడానికి పంచుతున్నారు అనేది మిగతా సగం.

ఇక పైనుంచి వచ్చిన సొమ్మంతా ఓటరుకు చేరుతుందనుకోకండి. మండలం దగ్గర కొంత, ఊళ్లో కొంత ఆగిపోతుంది. మా ఊళ్లో ఓటుకు రెండు వేలు అని పంపితే చాలా ఇళ్లకు పదిహేను వందలే చేరింది. ఆ విషయం తెలిసిన ఇళ్లు పగబట్టి ఎదుటివాళ్లకు వేశాయి. డబ్బు వల్లే పోయిన ఓట్లు అవి.

చెన్నపట్నం తెలుగు

నేను చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగువాడిని. మా వైపు ఈ జబ్బుకు పేరు కూడా ఉంది, ‘తిరుమంగళం ఫార్ములా’. 2009లో మదురై దగ్గర తిరుమంగళం ఉప ఎన్నికలో పంచిన తీరు నుంచి వచ్చిన మాట అది.

2017లో ఆర్‌కే నగర్ ఉప ఎన్నిక ఏప్రిల్‌లో జరగాలి. ఒక మంత్రి ఇంట్లో ఆదాయపు పన్ను సోదాలు జరిగి, ఓటర్లకు దాదాపు 89 కోట్లు పంచే లెక్కల కాగితాలు దొరికాయని వార్తలు వచ్చాయి. పోలింగ్‌ను ఎన్నికల సంఘం రద్దు చేసింది. డిసెంబరులో మళ్లీ పెడితే టీటీవీ దినకరన్ స్వతంత్ర అభ్యర్థిగా, కొత్త గుర్తు మీద, 40 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఇరవై రూపాయల నోటును టోకెన్‌గా ఇచ్చి, గెలిచాక పది వేలు ఇస్తామన్నారని అప్పుడు ఆరోపణ. గెలిచాక డబ్బు ఏదని జనం ఆ నోట్లు పట్టుకుని అడిగారని కూడా పత్రికల్లో వచ్చింది.

2019లో వేలూరు లోక్‌సభ ఎన్నికను కూడా డబ్బు దొరకడం వల్లే ఆపేశారు. డబ్బు కారణంగా లోక్‌సభ ఎన్నిక ఆగడం దేశంలో అదే మొదలు. ఆగస్టులో మళ్లీ పెట్టారు. డబ్బు ఎవరి గోదాములో దొరికిందని అన్నారో ఆ పక్షమే గెలిచింది. రద్దు చేయడం ఓటరుకు శిక్షలా కనిపించింది తప్ప పంచినవాళ్లకు కాదు.

సావిత్రి ప్రకాశం

ఇందాకటి నుంచీ చదువుతున్నాను. చాలామంది మనసులో ‘పేదవాళ్లు ఓటు అమ్ముకుంటున్నారు’ అన్న మాట ఉంది, పైకి అనకపోయినా.

మా అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంది. 2019లో ఎన్నికలకు ముందు పసుపు కుంకుమ కింద ఒక్కొక్కరికి పది వేలు విడతలుగా వచ్చాయి. అవి ఇచ్చిన టీడీపీ ఘోరంగా ఓడింది. తర్వాత వచ్చిన వైసీపీవాళ్లు ఐదేళ్లు బటన్ నొక్కి నేరుగా ఖాతాల్లో వేశారు. అమ్మకు చేయూత వచ్చింది, మా చెల్లి పిల్లలకు అమ్మ ఒడి వచ్చింది. 2024లో వాళ్లూ ఘోరంగా ఓడారు. ఓటు అమ్ముడుపోయే సరుకే అయితే ఈ రెండూ జరగవు.

అమ్మ రెండు పార్టీల కవర్లూ తీసుకుంది. దేవుడి పటం మీద ఒట్టు వేయించుకుంటారని మొదట భయపడింది. నేను అడిగితే ఒక మాట అంది: “వాళ్లు ఇచ్చింది వాళ్ల సొమ్ము కాదు, మన దగ్గర తిన్నదే. తీసుకుంటే తప్పేముంది? వేసేటప్పుడు మాత్రం నా బుద్ధి నాది.” చదువుకున్నవాళ్లం, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లం మేం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బోరు వేయిస్తే, లిఫ్టు బాగు చేయిస్తే మొత్తం బ్లాకు ఓట్లు వేస్తాం అని బేరం పెట్టలేదా? దాన్ని ఓటు అమ్ముకోవడం అని ఎవరూ అనరు.

న్యాయవాది వరంగల్

చట్టం ఏం చెబుతుందో కొంచెం చెప్తాను, ఎందుకంటే అసలు లొసుగు అక్కడే ఉంది.

మన రెండు రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022 జనవరిలో పెంచారు. అంతకుముందు ఇంకా తక్కువ. ఇప్పుడు మునుగోడును తీసుకోండి. 2022 ఉప ఎన్నికలో అక్కడ ఓటర్లు సుమారు 2.41 లక్షలు. 40 లక్షలను అంతమందికి భాగిస్తే ఓటుకు 17 రూపాయలు కూడా రాదు. ఓటరుకు వెయ్యి చొప్పున ఇచ్చినా 24 కోట్లు దాటుతుంది. అయినా ప్రతి అభ్యర్థీ పరిమితి లోపలే ఖర్చు చేశానని సంతకం పెట్టి ఇస్తాడు.

ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ అభ్యర్థి ఖర్చును లెక్కపెడుతుంది, పార్టీ ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు పార్టీ చేసిన ఖర్చును కూడా అభ్యర్థి ఖాతాలో కలపాలంది. వెంటనే కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, ఆ తర్వాత చట్టం సవరించి, ఆ తీర్పును పనికిరాకుండా చేసింది. 2003లో ఆ తలుపును కొంత మూశారు, కానీ పార్టీ సొంత ఖర్చుకు మాత్రం ఇప్పటికీ పరిమితి లేదు.

డబ్బు ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ ఏడాది వరకు జైలు శిక్ష ఉంది. పాత శిక్షాస్మృతిలో 171బీ, 171ఈ, ఇప్పుడు న్యాయ సంహితలో 170, 173. కేసులు పెడతారు, చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఎన్నికే చెల్లదని హైకోర్టులో పిటిషన్ వేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లో వేయాలి. వేసినా తీర్పు ఎప్పుడో. కొత్తగూడెంలో 2018 ఎన్నికపై తెలంగాణ హైకోర్టు తీర్పు 2023 జులైలో వచ్చింది. అది అఫిడవిట్‌లో ఆస్తుల వివరాల కేసు, డబ్బు పంపకం కాదు. దానిపైనా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఈలోగా పదవీకాలం అయిపోవచ్చింది.

సూటిగా

సార్, మునుగోడు అన్నారు కాబట్టి. అక్కడ ఓటుకు మూడు వేల నుంచి ఐదు వేలు అని చెప్పుకున్నారు. 93 శాతం పోలింగ్ జరిగింది. డబ్బు జనాన్ని బూత్ దాకా లాగింది అనడానికి ఇంతకంటే ఏం కావాలి?

నల్గొండ ఎర్రజెండా

పోలింగ్ శాతం ఒప్పుకుంటా తమ్ముడూ. కానీ మునుగోడులో గెలుపును తేల్చింది వేరే లెక్క. అది ఒకప్పుడు కమ్యూనిస్టుల కోట. 2022లో సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్‌ఎస్‌కు మద్దతిచ్చాయి. గెలుపు తేడా 10,309. మా రెండు పార్టీలకు ఆ నియోజకవర్గంలో అంతకంటే ఎక్కువ ఓట్లున్నాయి. ఊళ్లలో రాత్రిళ్లు తిరిగి చెప్పింది మేమే, మాకెవరూ కవర్లు ఇవ్వలేదు. బీజేపీ తరఫున ఎదుట నిలబడ్డ రాజగోపాల్‌రెడ్డి కోట్లకు పడగలెత్తిన కాంట్రాక్టర్, పైగా సిట్టింగ్. ఆయన ఓడారు. ఏడాది తర్వాత తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చి అక్కడే గెలిచారు. డబ్బున్న మనిషి ఆయనే, గుర్తు మారింది.

గుర్తు అంటే ఇంకొకటి. 2019లో భువనగిరి లోక్‌సభలో కోమటిరెడ్డి వెంకటరెడ్డి 5,219 ఓట్లతో గెలిచారు. అదే ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా పడ్డాయి. కారు గుర్తు అనుకుని ముసలివాళ్లు దానికి నొక్కారని టీఆర్‌ఎస్ వాళ్లు ఇప్పటికీ అంటారు. అందులో ఎంత నిజమున్నా, కళ్లు సరిగా కనపడని ఓటరు వల్ల ఎంపీ మారిపోయే అవకాశం ఉందన్నది మాత్రం కాదనలేం.

లెక్కల మాస్టారు

పొత్తు గురించి ‘ఎర్రజెండా’ గారు చెప్పింది ఆంధ్రలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకి 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. ఓట్ల శాతం దాదాపు ఒకటే, సీట్లు సగం. ఎందుకు? 2019లో వైసీపీకి 49.95 శాతం వచ్చినా, ఎదుటి ఓటు టీడీపీ, జనసేనల మధ్య చీలి ఉంది. 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ కలిసి నిలబడ్డాయి. ఎదుటి ఓటు ఒకే డబ్బాలో పడింది, 175లో 164 వచ్చాయి. జనసేన పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. ఒక గదిలో కూర్చుని కుదుర్చుకున్న సీట్ల సర్దుబాటు, ఊరూరా పంచిన కోట్ల కంటే ఎక్కువ పనిచేసింది.

ఇక భయం. పాసు పుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో, భూమి హక్కుల రికార్డు మీద తెచ్చిన ల్యాండ్ టైటిలింగ్ చట్టం, ఈ రెండూ రైతు ఇంట్లో ఎంత టెన్షన్ పెట్టాయో నేను మా పల్లెలో చూశాను. మా బాబాయి ఎప్పుడూ పార్టీ మార్చని మనిషి. తాతల పొలం మీద ఇంకొకరి బొమ్మ ఏమిటని మొదటిసారి మార్చాడు.

హైదరాబాద్ నుంచి ఓటు కోసం వెళ్లిన జనం సంగతి కూడా చెప్పాలి. మే 13కు ముందు రెండు రోజులు విజయవాడ రోడ్డులో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరాయి. కొందరికి చార్జీలు ఫోన్‌పేలో వచ్చి ఉండొచ్చు. నాకు తెలిసిన చాలామంది సొంత డబ్బుతో, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని వెళ్లారు.

న్యూజెర్సీ నుంచి

ఇక్కడ డబ్బు ఓటరు చేతికి రాదు, టీవీ ప్రకటనలకు పోతుంది. 2020లో మైకేల్ బ్లూమ్‌బర్గ్ సొంత డబ్బు వంద కోట్ల డాలర్ల దాకా ఖర్చుపెట్టి, డెమొక్రాట్ల ప్రాథమిక పోటీలో ఒక్క అమెరికన్ సమోవాలో గెలిచాడు. స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్త 1994లో ఒక మంచి పద్ధతి వాడాడు. ఒకే ఇద్దరు అభ్యర్థులు మళ్లీ మళ్లీ తలపడిన చోట్ల మాత్రమే లెక్క చూశాడు. మనిషి మారలేదు, ఖర్చు మారింది. ఖర్చు ప్రభావం చాలా చిన్నదని తేలింది. గెలిచేలా ఉన్నవాడి దగ్గరికే డబ్బు వస్తుంది కాబట్టి, డబ్బు గెలిపించినట్టు మనకు అనిపిస్తుంది.

మన దగ్గర పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చే ఎన్నికల బాండ్ల లెక్కలు బయటికొచ్చినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న వాటిని కొట్టేసింది. అప్పటికి బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్లకు పైగా వచ్చాయి. 2023లో 39 సీట్లే గెలిచింది.

పాలేటి ఒడ్డు

మీరందరూ ఎమ్మెల్యే ఎన్నికల గురించి మాట్లాడుతున్నారు. నేను సర్పంచ్‌గా నిలబడి 41 ఓట్లతో ఓడిపోయాను. మా ఊళ్లో ఓట్లు 1,900. పార్టీ గుర్తులు ఉండవు, పొత్తులు ఉండవు, గాలి ఉండదు. అందరూ బంధువులే. అక్కడ డబ్బు తేలుస్తుంది, నా మాట నమ్మండి.

నేను పంచకూడదనే నిలబడ్డాను. పదేళ్లు నీళ్ల ట్యాంకు కోసం, శ్మశానం దారి కోసం తిరిగినవాడిని. పోలింగ్ ముందురోజు సాయంత్రం దాకా నాదే గెలుపు అన్నారు. రాత్రి ఎదుటి మనిషి ఓటుకు మూడు వేలు తీశాడు. పదకొండు గంటలకు మా వాళ్లే వచ్చి, “నువ్వు కనీసం వెయ్యి అయినా ఇవ్వకపోతే మేం తలెత్తుకోలేం అన్నా” అన్నారు. ఎకరం అమ్మకానికి అడ్వాన్సు తీసుకుని ఇచ్చాను. అంటే నేనూ పంచాను. ఆలస్యంగా, తక్కువగా. మాటా పోయింది, పొలమూ పోయింది. మా ఆవిడ ఇప్పటికీ ఆ పొలం గట్టు వైపు నడవదు.

డబ్బు ఓడిపోతుందని నంద్యాల, హుజూరాబాద్ లెక్కలు చూపిస్తున్నారు. ఆ ఎన్నికల్లో ఓడినవాళ్లూ కోటీశ్వరులే కదా. కోటీశ్వరుడి చేతిలో కోటీశ్వరుడు ఓడితే డబ్బు ఓడినట్టు ఎలా అవుతుంది? నాలాంటివాడు మళ్లీ నామినేషన్ వేయడు. వేయని నామినేషన్లు ఏ ఫలితాల పట్టికలోనూ కనిపించవు.

కృష్ణాతీరం

‘పాలేటి ఒడ్డు’ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను అడిగిన ప్రశ్నే తప్పు. ఎవరు గెలిచారు అన్న దగ్గర నుంచి చూశాను, ఎవరు నిలబడగలిగారు అన్న దగ్గర నుంచి చూడాల్సింది.

1983 గుర్తొస్తోంది. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. ఎన్టీఆర్ పార్టీ పెట్టి తొమ్మిది నెలలే. టికెట్లు తెచ్చుకున్నవాళ్లలో లాయర్లు, డాక్టర్లు, లెక్చరర్లు, రాజకీయం తెలియని కుర్రాళ్లు ఎందరో. మా నియోజకవర్గంలో జనమే చందాలు వేసుకుని జీపుకు పెట్రోలు పోయించారు. రెండు వందలకు పైగా సీట్లు వచ్చాయి. ఇప్పుడు టికెట్ అడగడానికి వెళ్తే మొదటి ప్రశ్న ‘ఎంత పెట్టగలవు’ అట. మా పూర్వ విద్యార్థి ఒకడు, పదిహేనేళ్లు పార్టీ జెండా మోసినవాడు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక తిరిగొచ్చాడు. టికెట్ ఊరికి కొత్తగా వచ్చిన ఒక రియల్ ఎస్టేట్ ఆయనకు వెళ్లింది.

పాత బూత్ ఏజెంట్

అవును సార్. ఆ పెట్టినవాడు గెలిస్తే మొదటి రెండేళ్లు రాబట్టుకోవడమే పని. ఇసుక, మద్యం, బిల్లులు. నేను మానేసింది అందుకే.

సావిత్రి ప్రకాశం

అన్నయ్యా (పాలేటి ఒడ్డు గారిని), మీరు మళ్లీ నిలబడాలని అడిగే ధైర్యం నాకు లేదు. కానీ మనం చేయగలిగింది ఏమైనా ఉందా? వరంగల్ న్యాయవాది గారూ, అభ్యర్థులు ఇచ్చిన ఖర్చు లెక్కలు మామూలు మనిషి చూడొచ్చా?

న్యాయవాది వరంగల్

చూడొచ్చమ్మా. ఫలితం వచ్చిన 30 రోజుల్లో ప్రతి అభ్యర్థీ జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు లెక్క ఇవ్వాలి. ఎన్నికల నిర్వహణ నియమాలు 1961లో 88వ నియమం ప్రకారం ఒక్క రూపాయి రుసుము కట్టి ఎవరైనా ఆ లెక్కలు చూడొచ్చు. ధ్రువీకరించిన నకలు కావాలంటే దానికి వేరే రుసుము. వ్యయ పరిశీలన బృందాలు రాసే షాడో రిజిస్టర్‌ను కూడా అడగండి, రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

తప్పుడు లెక్క నిరూపిస్తే 10ఏ సెక్షన్ కింద మూడేళ్లు అనర్హత. ఊరికే రాసి పెట్టిన సెక్షన్ కాదు. ఉత్తరప్రదేశ్‌లో బిసౌలీ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్, పత్రికల్లో డబ్బిచ్చి వేయించుకున్న వార్తల ఖర్చు చూపనందుకు, 2011లో అనర్హురాలైంది. ఆమె మీద ఫిర్యాదు చేసింది ఓడిపోయిన అభ్యర్థే.

సావిత్రి ప్రకాశం

అయితే సోమవారం సెలవు పెట్టి ఒంగోలు కలెక్టరేట్‌కు వెళ్తాను. 2024లో మా ఊరి స్కూలు మైదానంలో సభ జరిగినప్పుడు మా డాబా మీద నుంచి తీసిన ఫొటోలు ఉన్నాయి. కుర్చీలు వరసల వారీగా లెక్కపెట్టొచ్చు, రెండు వేలకు తగ్గవు. లెక్కలో ఎన్ని చూపించారో, ఒక్కోదానికి ఎంత అద్దె రాశారో చూసి వచ్చి ఇక్కడే రాస్తాను.

పాలేటి ఒడ్డు

నేనూ వస్తానమ్మా. మాదీ ప్రకాశం జిల్లానే. పది గంటలకు గేటు దగ్గర ఉంటాను.